తర్వాతేమైంది అని అడగకూడదు

జూలై 4, సోమవారం

మా ఆఫీసు పెద్దాయన ఇవాళ నా నెత్తిన 'టేక్' పెట్టాడు. మా ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులో 'టి' అక్షరం మొదలైనప్పటి నుంచీ భయపడుతూనే ఉన్నాను, ఇది ఎవరి పాలిట పడుతుందా అని. టేబుల్, టైలర్, టెయిల్ లాంటి బుద్ధిమంతులన్నీ పక్క బల్లకు పోయాయి. "నీకు ఓపికెక్కువయ్యా, నువ్వే చెయ్యి" అన్నాడు. నాకు ఓపిక ఎక్కువని ఈయనకెవరు చెప్పారో! మా ఇంట్లో అడిగితే తెలిసేది.

బడిపిల్లల నిఘంటువే కదా, టేక్ అంటే తీసుకొను అని రాసి చేతులు దులుపుకోవచ్చుగా అనుకుంటారు బయటివాళ్లు. అంత సుఖమా! మనం బస్సు ఎక్కుతాం, ఫొటో తీస్తాం, పరీక్ష రాస్తాం, స్నానం చేస్తాం, మాత్ర వేసుకుంటాం, జ్వరం ఎంతుందో చూస్తాం. ఇంగ్లీషువాడికి అన్నిటికీ ఒక్క టేకే. ఒక్కో అర్థానికీ తెలుగు మాట వెతకాలి, ఒక ఉదాహరణ వాక్యం రాయాలి. ఉదాహరణ వాక్యానికి మా ఆఫీసులో ఒక శాసనముంది. పెద్దాయన దాన్ని అచ్చువేయించి గోడకు తగిలించాడు కూడా: 'వాక్యం చదివిన పిల్లవాడు తర్వాతేమైంది అని అడగకూడదు. అడిగితే అది ఉదాహరణ కాదు, కథ.'

మా ఆవిడ ఆపరేషను గురువారం. గొంతులో గడ్డ. చెడ్డది కాదని పరీక్షలో తేలింది గానీ, వదిలేస్తే పెరిగి ఊపిరికి అడ్డం పడుతుందట. చిన్న ఆపరేషనే అన్నారు. నేనేం కంగారు పడటం లేదు. ఈ డైరీ రాయడానికీ దానికీ సంబంధం లేదు. ఆవిడకు ఆఫీసువాళ్లిచ్చింది, ఆర్నెల్లుగా ఖాళీగా పడి ఉంది. అందుకని రాస్తున్నాను.

జూలై 6, బుధవారం

డాక్టరు ఏవో కాగితాల మీద సంతకం పెట్టించుకున్నాడు. మాటను నడిపే నరం ఆ గడ్డను ఆనుకునే ఉందట. జాగ్రత్తగానే తీస్తాం, అయినా గొంతు మారొచ్చు, అరుదుగా పోనూ వచ్చు అన్నాడు. ఎంత తాపీగా చెప్పాడో!

ఆవిడ బస్ స్టాండులో అనౌన్సరు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారానికొస్తుందో, ఎవరి పిల్ల తప్పిపోయిందో, ఎవరి సంచి దొరికిందో మైకులో చెప్పడం ఆవిడ ఉద్యోగం. ఇంటికొచ్చాక మైకు ఉండదు, అంతే తేడా. వాళ్లక్క ఆవిడకు రేడియో అని పేరు పెట్టింది. నేను ఆఫీసుకు వెళ్తూ అక్కడే బస్సు మారతాను, టీ తాగుతాను, బెంచీ మీద గొడుగు మరిచిపోతాను. వెంటనే మైకులో వినపడుతుంది: "నల్ల గొడుగు మరిచిపోయిన నిఘంటువుగారు ఎంక్వైరీ కిటికీ దగ్గరకు రావలెను." స్టాండంతా నావైపే చూస్తుంది. పదిమందిలో పరువు తీయొద్దని ఎన్నిసార్లు చెప్పానో. చెవినేసుకుంటేగా!

సాయంత్రమంతా ఏది ఎక్కడుందో చెప్పింది. బీరువా తాళం, కరెంటు బిల్లు, నా కళ్లజోడు. నాకు సగం ఎక్కలేదు. ఉన్నట్టుండి ఆగి, "గొంతు పోతే ఏం చేస్తారండీ?" అంది.

"పోదు."

"పోతే?"

"పోదన్నానా."

"పోతే మీకు హాయి" అని నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

జూలై 7

అయిపోయింది. బాగా జరిగిందన్నారు.

జూలై 8, శుక్రవారం

నోరు తెరిచింది. గాలి వచ్చింది. మాట రాలేదు.

డాక్టరు చూసి నరం తెగలేదు, అదే అదృష్టం అన్నాడు. కాస్త నలిగిందట, కోలుకోవాలట. "టైమ్ పడుతుందండీ."

"ఎంత?"

"చెప్పలేం. కొందరికి వారాలు, కొందరికి నెలలు."

"అప్పటికీ రాకపోతే?"

"అప్పుడు చూద్దాం." గుసగుసగా కూడా మాట్లాడొద్దని, దాంతో గొంతు ఇంకా అలిసిపోతుందని ఆవిడకు వేలు చూపించి మరీ చెప్పాడు.

ఆవిడ తలాడించింది. ఇంత బుద్ధిగా తలాడించడం నేనెప్పుడూ చూడలేదు. నాకది అస్సలు నచ్చలేదు.

జూలై 11, సోమవారం

ఇంటికి తెచ్చాం. వదినగారు పెట్టెతో సహా దిగారు. రాగానే చెల్లెలికో పలక కొనిచ్చారు. "రాసి చూపించవే, నీ గొంతుకు ఇన్నాళ్లకు సెలవులు దొరికాయి" అన్నారు. వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకున్నారు. నేను చూశానని వదినగారికి తెలీదు.

నేను ఆఫీసుకు వెళ్లాను. ఇల్లు ప్రశాంతంగా ఉంది కాబట్టి సాయంత్రం కూడా కాగితాలు ముందేసుకు కూర్చున్నాను. పని బాగా సాగింది.

జూలై 13

ఇల్లు ప్రశాంతంగా ఉంది. పని బాగా సాగింది.

జూలై 15, శుక్రవారం

ఇవాళ బస్ స్టాండులో టీ తాగకుండా వచ్చేశాను. మైకులో ఎవరో అమ్మాయి. తప్పేం చదవడం లేదు. కానీ బస్సు నంబరు చెప్పి ఆగదు, వెళ్లే చోటు కూడా గబగబా చెప్పేస్తుంది. మా ఆవిడ నంబరు చెప్పి ఒక్క క్షణం ఆగుతుంది. పెద్దవాళ్లు సామాను ఎత్తుకోవాలి కదా అంటుంది.

ఎంక్వైరీ కిటికీలో ఉండే ఆయన నన్ను చూసి బయటికొచ్చాడు. సెలవు ఆగస్టు ఆఖరుదాకా ఉందట. ఆలోగా గొంతు రాకపోతే మైకు ఆ అమ్మాయికే ఇచ్చి, మా ఆవిణ్ణి లోపల కాగితాల గదికి మారుస్తారట. "జీతం అదేనండీ, దాని గురించి దిగులు పడకండి" అన్నాడు పాపం, మంచిగానే. దిగులు జీతం గురించా! కాగితాల గదిలో ఆవిడ ఎవరితో మాట్లాడుతుంది? బీరువాలతోనా?

ఇంట్లో ఈ మాట చెప్పలేదు. పని బాగా సాగింది.

జూలై 18, సోమవారం

మా ఆఫీసులో ప్రూఫులు దిద్దే అమ్మాయిని అందరం కామా అంటాం. వాక్యం ఎక్కడ కనబడినా ఒక కామా పెట్టకుండా వదలదు. నా టేక్ పేజీలు తీసుకుని పొద్దున్నే నా బల్ల దగ్గరకొచ్చింది.

"సార్, ఒక్కటడగనా? చివరికి ఈవిడకు గొంతొచ్చిందా?"

"ఎవరికి?"

"ఈ టేక్‌లో ఉన్నావిడకు సార్."

"టేక్‌లో ఆవిడెవరమ్మా? అది క్రియ."

పేజీలు నా ముందు పెట్టింది. చదివాను. 'ఆమె మందు వేసుకుంది, కానీ మాట్లాడలేదు.' తర్వాతి అర్థం: 'అతను ఆమె చేయి పట్టుకున్నాడు.' ఆ తర్వాతిది: 'ఆమె పలక తీసుకుని ఏదో రాసి, చూపించకుండానే చెరిపేసింది.' కిందకి: 'ఆమె చోటును మరొకరు ఆక్రమించారు.' ఇంకా కిందకి: 'అతను ఆ నవ్వును వెనక్కి తీసుకోలేకపోయాడు.' పేజీ తిప్పాను. అక్కడా ఆవిడే.

"మొదటి అర్థం నుంచి ఆఖరుదాకా ఒక్కావిడే సార్" అంది మెల్లిగా.

"నువ్వు కామాలు చూసుకో తల్లీ" అన్నాను.

"కామాలు సరిగ్గానే ఉన్నాయి సార్."

నాకు ఒళ్లు మండింది. ఆ పిల్ల మీద కాదు. వాక్యాలన్నీ నేనే రాశాను, నా చేతి రాతే, రాస్తున్నప్పుడు నాకు తెలీనే లేదు.

జూలై 19

అన్నీ పక్కన పడేసి మళ్లీ రాశాను. 'అతను సంచి తీసుకున్నాడు. వాళ్లు బస్సు ఎక్కారు. ఆమె ఫొటో తీసింది.' ఎవరూ తర్వాతేమైంది అని అడగరు. అడగడానికేముంది అందులో, నా మొహం!

జూలై 20, బుధవారం

పాత పేజీలు కామా చేతుల మీదుగా పెద్దాయన దగ్గరకు చేరాయట. పిలిచాడు. చేతిలో ఎర్ర పెన్ను. ఇవాళ అయిపోయాన్రా అనుకున్నాను. ఈయన ఎర్ర పెన్నుతో మా ఆఫీసులో ఏడవని మనిషి లేడు.

పేజీ చివరిదాకా చదివాడు. పెన్ను మూత పెట్టాడు.

"తర్వాతేమైందయ్యా?"

"తెలీదండీ" అన్నాను.

గోడ మీది శాసనం వైపు చూశాడు. నా వైపు చూశాడు. ఆ పేజీలు తన సొరుగులో పెట్టుకున్నాడు. "తెలిసినప్పుడు చెప్పు. అందాకా ఇవి నా దగ్గరుంటాయి. రోజూ మధ్యాహ్నం నుంచి ఇంట్లో కూర్చుని పని చేసుకో, ఎవరైనా అడిగితే నేను చెప్పానని చెప్పు" అన్నాడు.

అబద్ధాలు ఇంక చాలు. పని సాగడం లేదు. అసలు సాగలేదు. నా డైరీలో నేనే ఎవరిని మోసం చేద్దామని రాశానో. ఇన్నాళ్లూ, 'ఎ' నుంచి 'ఎస్' దాకా, నా ఉదాహరణ వాక్యాలన్నీ వంటింట్లోంచి వచ్చినవే. ఆవిడ మాట్లాడుతుంటే నేను ఊఁ కొడుతూ, అందులోంచి ఒక్కో ముక్క ఏరుకుని కాగితం మీద పెట్టేవాణ్ణి. 'మీరు నా మాట వింటున్నారా, గోడతో చెప్తున్నానా?' అన్నది 'హియర్' కింద ఉంది. పెద్దాయన ఆ వాక్యాన్ని తెగ మెచ్చుకున్నాడు. ఇప్పుడు వంటింట్లో గిన్నెల చప్పుడు తప్ప ఏమీ లేదు. నాకు భయంగా ఉంది. రాసేశాను, అయిపోయింది.

జూలై 22, శుక్రవారం

టేక్‌లో ఒక మొండిఘటం ఉంది. టేక్ ఫర్ గ్రాంటెడ్. దీనికి తెలుగులో ఒక్క మాట కావాలట పెద్దాయనకు. నేను 'సహజమని భావించు' అని రాస్తే పక్కన ప్రశ్న గుర్తు పెట్టి పంపాడు. 'ఎలాగూ ఉంటుందిలే అనుకొను' అని రాస్తే రెండు ప్రశ్న గుర్తులు.

మధ్యాహ్నం ఆవిడ పక్కన కూర్చుని మొరపెట్టుకున్నాను. పలక తీసుకుంది. చాలాసేపు రాసింది. నాకివ్వకుండా ముందు వాళ్లక్కకు చూపించింది. వదినగారు నవ్వలేక చచ్చారు.

'మా ఆవిడ మైకులో చెప్తుందిలే అని గొడుగు మరిచిపోవడం' అని ఉంది.

"పెద్దాయనకు ఇదే పంపించండి మరిదిగారూ" అన్నారు వదినగారు.

ఆపరేషను తర్వాత ఆవిడ మొహంలో ఆ కొంటెతనం చూడటం ఇదే మొదలు. పలక కాసేపు నా దగ్గరే పెట్టుకున్నాను.

జూలై 28, గురువారం

గొంతుకు కసరత్తు నేర్పే అమ్మాయి వారానికోసారి వస్తోంది. గ్లాసులో నీళ్లు పోసి, స్ట్రా పెట్టి, లోపల ఊఁ అనుకుంటూ ఊదాలి. బుడగలు రావాలి. రోజుకు చాలాసార్లు చేయాలట. ఒక్కతే చేస్తుంటే చిన్నతనంగా ఉందని రాసింది. సరే, నేనూ ఓ గ్లాసు పెట్టుకు కూర్చున్నాను. నా బుడగలు ఎక్కువొచ్చాయి.

"బాగుంది సంబడం. చదువుకున్నవాళ్లు, ఎదురెదురుగా కూర్చుని నీళ్లలో ఊదుకుంటున్నారు" అన్నారు వదినగారు.

ఆవిడ నవ్వింది. భుజాలు కదిలాయి, కళ్లల్లో నీళ్లొచ్చాయి, చప్పుడు మాత్రం లేదు. చప్పుడు లేని నవ్వు చూస్తూ కూర్చోవడం ఎంత కష్టమో.

ఆగస్టు 1

బుడగలే.

ఆగస్టు 5, శుక్రవారం

ఇవాళ పలక ముట్టుకోలేదు. భోజనానికి పిలిస్తే గోడవైపు తిరిగి పడుకుంది. కాగితాల గది సంగతి తెలిసిపోయిందట, తోటి ఉద్యోగి చూడటానికొచ్చి నోరు జారింది.

మంచం పక్కన కుర్చీ వేసుకు కూర్చున్నాను. నేను ఊఁ కొట్టడం తప్ప ఏనాడైనా మాట్లాడానా ఇంట్లో? ఆవిడ చేయి చాపి పలక అందుకుంది. 'మీరు మాట్లాడండి' అని రాసింది.

"ఏం మాట్లాడను?"

భుజాలెగరేసింది.

నాకు తెలిసింది ఒక్కటే. టేక్ చెప్పడం మొదలుపెట్టాను. విమానం పైకి లేచినా టేక్ ఆఫే, చెప్పులు విప్పినా టేక్ ఆఫే, ఇంగ్లీషువాడికి రెండింటికీ తేడా తెలీదా అన్నాను. పిల్లకు తల్లి పోలిక వస్తే టేక్ ఆఫ్టర్ అంటారన్నాను. తర్వాత పెద్దాయన గురించి, కామా గురించి, ఆ పిల్ల అడిగిన ప్రశ్న గురించి చెప్పాను. ఆవిడ గొంతు లేకపోతే నాకు వాక్యాలు రావడం లేదని కూడా చెప్పాను. మైకు అమ్మాయి నంబరు దగ్గర ఆగడం లేదన్నాను. నేను ఇంతసేపు మాట్లాడగలనని నాకే తెలీదు.

చూస్తే నిద్రపోయింది. అయితేనేం, ఇటువైపు తిరిగి నిద్రపోయింది.

ఆగస్టు 9

రోజూ మాట్లాడుతున్నాను. వదినగారు నాకు కూడా రేడియో అని పేరు పెట్టారు.

ఆగస్టు 16, మంగళవారం

ఎక్కడ మొదలుపెట్టాలి!

పొద్దున్న చినుకులు పడుతున్నాయి. బ్యాగు తగిలించుకుని మెట్లు దిగుతున్నాను. వెనక నుంచి ఒక మాట వినపడింది. తుప్పుపట్టిన గేటు తెరుచుకున్నట్టు, బొంగురుగా, సగం గాలి.

"గొడుగు!"

"ఇవాళ అక్కర్లేదు వదినగారూ, పెద్ద వానేం కాదు" అన్నాను వెనక్కి చూడకుండా. వదినగారికి జలుబు చేసినట్టుంది అనుకుంటూ ఇంకో మెట్టు దిగాను.

ఎదురుగా వదినగారు. కూరగాయల సంచితో పైకొస్తున్నారు. నోరు తెరుచుకుని నా వెనక్కి చూస్తున్నారు.

తిరిగి చూశాను. గుమ్మంలో ఆవిడ. ఒక చేతిలో నా గొడుగు. రెండో చేయి గొంతు మీద. తను అన్న మాట తనకే వినపడినట్టు, ఎవరన్నారా అని వెతుకుతున్నట్టు నిలబడి ఉంది.

"మళ్లీ అను" అన్నాను.

"గొడుగండీ" అంది.

వదినగారి సంచి జారి టమాటాలన్నీ మెట్ల మీదుగా దొర్లిపోయాయి. ఎవరం ఏరలేదు. నేను మెట్టు మీదే కూలబడ్డాను. ఏడ్చాను, ఇందులో దాచడానికేముంది. "ఏమిటండీ ఇది, వీధిలో" అంది ఆ తుప్పు గొంతుతోనే. ఆహా, ఎంత కమ్మగా ఉందో! పైన వానపడుతోంది, కింద టమాటాలు తొక్కుకుంటూ ఎవరో తిడుతూ పోతున్నారు, వదినగారు ఏడుస్తూ నవ్వుతూ నా వీపు మీద చరుస్తున్నారు.

ఆఫీసుకు వెళ్లలేదు.

ఆగస్టు 17, బుధవారం

డాక్టరు చూశాడు. నరం కదులుతోంది, ఇంక భయం లేదు, మునుపటి గొంతు పూర్తిగా రావడానికి ఇంకొంచెం టైమ్ పడుతుందన్నాడు. కాస్త బొంగురు మిగలొచ్చట. ఎంతైనా పట్టనీ నాయనా! టైమ్ పడుతుందన్న మాటే ఆ రోజు నా ప్రాణం తీసింది, ఇవాళ అదే మాటకు ఆయన చేతులు పట్టుకుని ఊపేశాను.

అక్కడి నుంచి తిన్నగా పెద్దాయన గదికి వెళ్లాను.

"వచ్చిందండీ."

కుర్చీలోంచి లేచాడు. "మొదటి మాట ఏమంది?"

"గొడుగు."

అంత పెద్ద మనిషి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి పడీపడీ నవ్వాడు. కామా పరిగెత్తుకొచ్చింది. సొరుగులోంచి నా పాత పేజీలు తీశాడు, ఎర్ర పెన్ను మూత తీశాడు. ఒక్కో వాక్యం మీద అడ్డంగా గీత. పేజీలు పేజీలు.

"అయ్యో, బాగున్నాయి కదా సార్!" అంది కామా.

"బాగుంటే? ఉదాహరణలు కావమ్మా ఇవి. కథ తెలిసేదాకా కొట్టడానికి చేయి రాలేదు, ఇప్పుడొచ్చింది" అన్నాడు. చివర్లో ఒక్క వాక్యం దగ్గర ఆగాడు. 'గొంతు రావడానికి టైమ్ పడుతుంది.' దాని పక్కన సరే అని రాసి నాకిచ్చాడు.

"దీనికి తర్వాతేమైంది అని అడగరా అండీ?" అన్నాను.

"అడగనీ" అన్నాడు.

ఆగస్టు 30

మైకు పరీక్ష. ఎంక్వైరీ కిటికీ ఆయన, ఇంకో ఇద్దరు కూర్చుని విన్నారట. చదువుతుంటే రెండుచోట్ల గొంతు జీరబోయిందట. పర్లేదు, వచ్చేయండి అన్నారు. ఆ కొత్త అమ్మాయిని సాయంత్రం పూటకు ఉంచారు. నంబరు చెప్పాక ఒక్క క్షణం ఆగాలని మా ఆవిడ ఆ పిల్లకు అప్పుడే పాఠం మొదలుపెట్టింది.

వదినగారు పెట్టె సర్దుకుంటున్నారు. పలక నాకు వదిలేసి వెళ్తారట, ఇప్పుడు మాట దొరకనిది నాకేనట.

సెప్టెంబరు 5, సోమవారం

ఆవిడ ఇవాళ డ్యూటీలో చేరింది. తెల్లవారకముందే వెళ్లిపోయింది. వెళ్లేముందు ఏది ఎక్కడుందో అంతా చెప్పింది. ఈసారి మొత్తం విన్నాను.

ఎండ పెళపెళలాడుతోంది. అయినా గొడుగు తీసుకునే వెళ్లాను. వాతావరణం ఎవరికి తెలుసు! బస్ స్టాండులో దిగి, టీ తాగి, బెంచీ మీద గొడుగు మరిచిపోయాను. నిజంగానే మరిచిపోయాను. ఎవరైనా మరిచిపోతారు. మరిచిపోయి, స్తంభం పక్కన నిలబడ్డాను.

నా బస్సు వచ్చింది. ఎక్కలేదు. తర్వాతిది వచ్చింది. బెంచీ మీద గొడుగు అలాగే ఉంది. అటెండరు ఒకడు అటే చూసుకుంటూ వెళ్లి, ఆగి, వెనక్కొచ్చి దాన్ని తీసుకుని ఎంక్వైరీ వైపు నడిచాడు. పరీక్ష ఫలితాల కోసం నిలబడ్డ కుర్రాడిలా చెవులు రిక్కించాను.

మైకు గరగరమంది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. నల్ల గొడుగు," అని ఒక్క క్షణం ఆగింది, సామాను ఎత్తుకోవాల్సినవాళ్లు ఎత్తుకోవాలి కదా, "ఇంత ఎండలో నల్ల గొడుగు మరిచిపోయిన నిఘంటువుగారు, వెంటనే ఎంక్వైరీ కిటికీ దగ్గరకు రావలెను."

'వెంటనే' దగ్గర గొంతు జీరబోయింది. స్టాండంతా నావైపు తిరిగింది. టీ కొట్టు ఆయన గ్లాసు కడుగుతూ పళ్లికిలించాడు. చేయెత్తి, "నేనేనండీ, నాదే ఆ గొడుగు" అని అందరికీ చెప్పాను.

వెళ్లి తెచ్చుకోవచ్చు. కానీ ఆవిడ ఏ సంగతైనా రెండుసార్లు చెప్తుంది. రెండోసారి కూడా విని వెళ్దామని అక్కడే నిలబడ్డాను.